గంట మోగుతోంది కదా, ఇంకేం కావాలి!

ఎదుటివాడు మాట్లాడుతున్నాడని మనకు తెలియాలి, ఏం మాట్లాడుతున్నాడో మాత్రం తెలియకూడదు! మానవజాతి ఇంతవరకూ సాధించిన సుఖాలన్నింటిలోకీ పెద్ద సుఖం ఇదేనని నేను సాక్ష్యాధారాలతో సహా రుజువు చెయ్యదలుచుకున్నాను. నవ్వకండి. నేను కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాణ్ణి. గుంటూరు బ్రాడీపేటలో, బట్టల కొట్టు మేడ మీద, ఫ్యాను వేస్తే కాగితాలు ఎగిరిపోయే, ఆపితే మనుషులు ఉడికిపోయే గదిలో కూర్చుని ఏడేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. అందువల్ల నా మాటకు కాస్త బరువుంటుందని నా నమ్మకం. నా భార్య మాధవీలతకు ఆ నమ్మకం లేదు. కానీ ఈ వ్యాసం రాస్తున్నది ఆవిడ కాదు.

ముందుగా కాల్‌బ్యాక్ ఫంక్షను అంటే ఏమిటో తెలియాలి. కంగారు పడకండి, మీకు ఎప్పుడో తెలిసిన సంగతే. మనం ఒక చిన్న ఫంక్షను, అంటే ఒకే పని చేసే ప్రోగ్రాము ముక్క, రాసి పెద్ద ప్రోగ్రాముకు అప్పజెబుతాం. "అయ్యా, ఫలానాది జరిగినప్పుడు దీన్ని పిలవండి" అని చెప్పి మన పనిలో మనం పడతాం. మనం పదేపదే వెళ్ళి అడగక్కర్లేదు. వాళ్ళే పిలుస్తారు.

ఇది విదేశీయులు కనిపెట్టారట! పెళ్ళిచూపులకొచ్చి, ఉప్మా తిని, కాజాలు తిని, కాఫీలో పంచదార తక్కువైందని చెప్పి మరీ రెండోసారి తాగి, "ఇంటికెళ్ళి కబురు చేస్తామండీ" అని లేచినవాళ్ళు చేసిందేమిటి? కరెంటాఫీసులో "మీరెళ్ళండి, లైన్‌మేన్ వస్తాడు" అన్నదేమిటి? తొంభై తొమ్మిదిలో నన్ను ఇంటర్వ్యూ చేసిన కంపెనీ ఒకటి "వుయ్ విల్ కాల్ యూ" అంది. ఎనిమిదేళ్ళయింది. ఆ ఫోను వస్తుందేమోనని నేను మా ఇంటి ల్యాండ్‌లైను ఇప్పటికీ తీయించలేదు. మనది పుట్టుకతోనే కాల్‌బ్యాక్ నాగరికత!

రెండో సంగతి, రహస్యం. దీనికి రోశయ్య గారిని పరిచయం చెయ్యాలి. ఆయనకు గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజి ఉంది. పర్చూరులో ఒక చిన్న ఆఫీసు కూడా ఉంది. ఆ చుట్టుపక్కల రైతులు అక్కడికొచ్చి పేరు రాయించుకుంటారు. గుంటూరు గిడ్డంగిలో చోటు ఖాళీ అవగానే, వరసలో ఫలానా రైతు సరుకు తెచ్చుకోవచ్చని ఇక్కడి కంప్యూటరు నుంచి అక్కడి కంప్యూటరుకు టెలిఫోను తీగ మీద సందేశం వెళుతుంది. అక్కడి గుమాస్తా రైతుకు చెబుతాడు. అంతదాకా రైతు కల్లంలో ఎండిన కాయను కుప్పపోసి, కాపలా కాస్తూ, ఆకాశం వంక చూస్తూ కూర్చోవాలి. ఆఫీసు గోడ మీద బోర్డు ఉంటుంది: "రైతు సోదరులు పదేపదే వచ్చి అడగవద్దు. చోటు ఖాళీ అయిన వెంటనే మేమే కబురు చేస్తాము." చూశారా, ఎర్రరంగుతో రాసిన కాల్‌బ్యాక్!

ఆ సందేశాలు పంపే ప్రోగ్రాము రాయమని ఏడాదిన్నర కిందట రోశయ్య గారు నన్ను పిలిపించారు.

"ఏవయ్యా యలమందా, నా గిడ్డంగిలో ఎంత ఖాళీ ఉందో పక్క గిడ్డంగివాడికి తెలిసిందా, నా కొంప మునిగినట్టే. ఫోన్లో చెప్పుకోవడానికి లేదు, చీటీ రాయడానికి లేదు. కంప్యూటర్లోనే పోవాలి. పోతున్నప్పుడు దార్లో ఎవడు పట్టుకున్నా వాడికి ముక్క అర్థం కాకూడదు" అన్నారు.

దాన్నే ఎన్‌క్రిప్షను అంటారని చెబితే ఆయన అనుమానంగా చూశారు. నేను ఆయన భుజం మీది కండువానే అడిగి తీసుకుని ఆయన చేతి మీదా నా చేతి మీదా కప్పాను. పూర్వం మిరప బేరాల్లో ఇద్దరు వ్యాపారులు గుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర తేల్చుకునేవారు కదా! చుట్టూ వందమంది ఉన్నా బేరం నడుస్తోందని మాత్రమే తెలిసేది, ఎంతకో తెలిసేది కాదు. సందేశాన్ని కూడా ఇలాగే గుడ్డ కప్పి పంపిస్తామన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "మా నాన్న అందులో మొనగాడయ్యా! కాయ తెచ్చిన రైతు పక్కనే నిలబడి, ఏమన్నా తెలుస్తదేమోనని ఆయన మొహంలోకి చూస్తా ఉండేవాడు. తెలిస్తేగా!" అని పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అలా చూస్తూ నిలబడ్డవాళ్ళలో మా తాతయ్య కూడా ఉండి ఉంటాడన్న సంగతి నాకు ఆ పూట తట్టలేదు. పని నాకే వచ్చినట్టని లోపల సంబరపడుతున్నాను.

అంతలోనే ఆయనకు ఇంకో దిగులు పట్టుకుంది. "గుడ్డ కింద ఏం నడుస్తుందో చూడక్కర్లేదు. అసలు చేతులు కదులుతున్నయ్యో లేదో నాకు తెలియాలి కదా. పర్చూరులో మన గుమాస్తా మార్కు పని చేస్తన్నాడో, పేపరు చదువుకుంటన్నాడో నాకెట్టా తెలుస్తది?"

పాఠకులారా, మహత్తర ఘట్టం! సందేశాలకు గుడ్డ కప్పే ఆ ప్రోగ్రాములోనే ఒక ఏర్పాటు ఉంది. మన కాల్‌బ్యాక్ ఫంక్షను దానికి అప్పజెబితే, అటు నుంచి ఇటు ఒక సందేశం వచ్చినా, ఇటు నుంచి అటు పోయినా, అది మన ఫంక్షనును పిలుస్తుంది. వచ్చిందా పోయిందా, ఏ రకం సందేశం, పొడవెంత, అన్నీ తెచ్చి చేతిలో పెడుతుంది. రైతుల పేర్లు మాత్రం గుడ్డ కిందే ఉంటాయి. మర్యాద చెడదు, నిఘా తప్పదు. ఇంతకంటే నాగరికమైన ఏర్పాటు ఎక్కడైనా ఉందా?

అది తెచ్చి పెట్టిన వివరాలను నేనేం చేశానంటారా? గంట కొట్టాను. రోశయ్య గారి బల్ల మీది కంప్యూటరు సందేశానికోసారి 'టింగ్' అనేటట్టు పెట్టాను. రకం, పొడవు, దిక్కు, అవన్నీ ఒక ఫైల్లోకి పోయి పడుకునేవి. ఆ ఫైలు తెరిచి చదవాలని నాకు తోచలేదు. మోగితే చాలు కదా, అంతా బాగున్నట్టే!

ఈ జ్ఞానం నాకు పుస్తకాల వల్ల రాలేదు, మిస్డ్ కాల్ వల్ల వచ్చింది. మా ఇంట్లో నేను ఆఫీసులో బయల్దేరితే ఒక రింగు. పాల ప్యాకెట్టు తేవాలంటే మాధవీలత నుంచి రెండు రింగులు. మూడు రింగులంటే ఆవిడ తరఫు చుట్టాలొచ్చారు, తొందరగా రమ్మని. మూడు రింగులు నాకు సాధారణంగా వినిపించవు.

పర్చూరు దగ్గర మా పిన్ని బసవమ్మ ఉంటుంది. మా అమ్మకు చెల్లెలు. బాబాయి పోయాక మూడెకరాల మిరప తనే సాగు చేయిస్తోంది. నన్ను ఎం.సి.ఎ. చదివించింది ఆ మూడెకరాలే. వాళ్ళ ఊళ్ళో కిరాణా కొట్టు ముందు రూపాయి ఫోను ఉంది. "నువ్వు రూపాయి వెయ్యొద్దు పిన్నీ. ఒక్క రింగిచ్చి పెట్టేస్తే నువ్వు క్షేమమని అనుకుంటాను. ఏదన్నా పనుంటే వెంటవెంటనే ఇవ్వు. నేనే తిరిగి చేస్తాను" అని చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను. ఎర్రరంగు బోర్డు ఒక్కటే తక్కువ.

ఆవిడ ప్రతి సోమవారం ఒక రింగిచ్చేది. నేను ఫోను చూసుకుని 'పిన్ని బాగుంది' అనుకుని మళ్ళీ పనిలో పడేవాణ్ణి. ఆవిడ గొంతు విని ఎన్నాళ్ళయిందో లెక్క చూసుకోలేదు. బాగుందని తెలుస్తూనే ఉంది కదా!

కిందటి మార్చిలో పిన్ని పేరు కూడా రోశయ్య గారి వరసలో ఉంది. నలభై టిక్కీల కాయ. టిక్కీ అంటే ఒక గోనె సంచీ నిండా తొక్కి కుట్టినది. ఏడాది కష్టమంతా ఆ నలభై టిక్కీలే. ఆ నెల మొదట్లో నేను ఊరెళితే నన్ను పట్టుకుంది.

"ఏరా, రోశయ్య గారి కంప్యూటరు నువ్వే పెట్టావంటగా. నా పేరు ఎప్పుడొస్తదో చూసి చెప్పరా."

"చూడ్డం కుదరదు పిన్నీ. అది ఎన్‌క్రిప్షను. నాక్కూడా కనపడదు."

"నువ్వు పెట్టింది నీకే కనపడదా?"

"అదే దాని గొప్పతనం!"

"ఏం గొప్పో, ఏమో!" అని ఆవిడ నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. చదివించిన పాపానికి ఆవిడ నాతో వాదించదు.

ఇక ఆ వారం. సోమవారం మధ్యాహ్నం నుంచి రోశయ్య గారి గంటకు పూనకం వచ్చింది. అంతకుముందు రోజుకు రెండొందల టింగులు మోగితే గొప్ప. మంగళవారానికి వేలల్లోకి వెళ్ళింది. టింగ్ టింగ్ టింగ్ టింగ్ టింగ్, పది సెకన్లు విరామం, మళ్ళీ ఐదు. రోశయ్య గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "పర్చూరు బ్రాంచి పరిగెడతందయ్యా!" అని అందరికీ పాలకోవా పంచారు. మిర్చి యార్డులోని స్నేహితుల్ని పిలిచి, కుర్చీలు వేయించి, గంట వినిపించారు. వాళ్ళు కళ్ళు మూసుకుని విన్నారు. మార్కుకు తోడుగా ఇంకో గుమాస్తాను పెట్టాలా అని నన్ను సలహా అడిగారు. పెట్టాలనే చెప్పాను. అంకెలు అబద్ధమాడవు కదా!

బుధవారం ఆ మార్కు గారే నాకు ఫోను చేశారు. ఇరవయ్యేళ్ళు పొగాకు గోడౌన్లలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి.

"యలమంద గారూ, మొన్నటి నుంచి ఇక్కడ ఒక్క కబురూ రాలేదండీ."

"వస్తున్నాయండీ మార్కు గారూ."

"రావట్లేదండీ బాబూ. రైతులొచ్చి నా మీద పడిపోతన్నారు. ఆకాశం చూస్తే బాలేదు."

"ఇక్కడ గంట మోగుతోందండీ."

"మీ దగ్గర మోగితే నాకేం లాభమండీ?"

ఎంత మొండి మనిషో చూడండి! నా దగ్గర శాస్త్రీయమైన గంట ఉంది. ఆయన దగ్గర రెండు కళ్ళు తప్ప ఏమీ లేవు. "కంగారు పడకండి. చూసి నేనే తిరిగి చేస్తాను" అని పెట్టేశాను. చూడలేదు. చెయ్యలేదు.

గురువారం పొద్దున నా జేబులో సెల్‌ఫోను మోగి ఆగింది. పిన్ని ఊరి నంబరు. కాసేపటికి మళ్ళీ మోగి ఆగింది. మళ్ళీ. ఇంకోసారి. మొత్తం నాలుగు. అప్పుడు నేను రోశయ్య గారి ఆఫీసులోనే ఉన్నాను. చేతిలో కోవా ఉంది, చెవుల్లో గంట ఉంది. ఒక రింగైతే క్షేమం, నాలుగైతే నాలుగింతల క్షేమం! ఎవరికి ఏది ఎప్పుడు మోగించాలో నేను పెట్టిన నియమం నాకే గుర్తు రాలేదు. గుంటూరులో కూడా మబ్బు పట్టింది. ఎండ తగ్గి హాయిగా ఉందని లేచి కిటికీ తెరిచాను.

శుక్రవారం పదకొండింటికి పిన్ని రోశయ్య గారి ఆఫీసు గుమ్మంలో నిలబడింది. చెప్పుల నిండా నల్లరేగడి బురద. చేతిలో చిన్న గుడ్డసంచీ. లోపల కుర్చీల్లో ఇద్దరు పెద్దమనుషులు గంట వింటున్నారు. నేను రోశయ్య గారి పక్కన నిలబడి ఉన్నాను.

"ఎవరమ్మా? పేరు రాయించుకున్నారా? చోటు ఖాళీ అయితే మేమే కబురు చేస్తామమ్మా" అన్నారు రోశయ్య గారు, అలవాటుగా.

"ఆ కబురు కోసమే పదిహేను రోజులు కూర్చున్నానండి" అంది పిన్ని. తర్వాత చుట్టూ చూసింది. "ఆ చప్పుడేంటండి?"

"మీ పర్చూరు నుంచి మాకొచ్చే కబుర్లమ్మా! మన యలమంద పెట్టాడు."

పిన్ని నా వంక చూడలేదు. బల్ల దగ్గరకొచ్చి సంచీ బోర్లించింది. తడిసి ఉబ్బి, తొడిమల దగ్గర నల్లబడ్డ మిరపకాయలు కోవా పళ్ళెం పక్కన పడ్డాయి. గదంతా ముక్కిన వాసన.

"పర్చూరు నుంచి వచ్చిన కబురు ఇదండి" అంది.

టింగ్ అంది కంప్యూటరు.

అప్పుడు నా వైపు తిరిగింది. "ఏరా, నిన్న పొద్దున నాలుగుసార్లు రింగిచ్చాను. తిరిగి చేస్తానన్నావు కదరా. చేస్తావని ఆ కొట్టు ముందు నుంచి కదల్లా. మబ్బు వంక చూస్తా, ఫోను వంక చూస్తా అట్టాగే నిలబడ్డా. మా వాడు చేస్తాడు, గిడ్డంగిలో అడిగి చెప్తాడని కొట్టువాడితో కూడా చెప్పా. ఆ నిలబడ్డసేపు కల్లంలో ఉన్నా సగం కాయకన్నా పట్టా కప్పుకునేదాన్ని కదరా."

గట్టిగా కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఏం చెయ్యాలో తోచక, ఎనిమిది నెలలుగా తెరవని ఆ ఫైలు తెరిచాను.

అన్నీ అందులోనే ఉన్నాయి. సోమవారం పర్చూరులో కరెంటు పోయింది. కంప్యూటరు లోపల తారీఖు గుర్తు పెట్టుకోవడానికి గుండీ అంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు తిరిగొచ్చేసరికి ఆ కంప్యూటరు తాను 1998 జనవరి ఒకటో తారీఖులో ఉన్నాననుకుంది. గుంటూరు కంప్యూటరు పలకరించి, తనెవరో నమ్మించడానికి తన సర్టిఫికెట్టు చూపించింది. దాని మీద 2005 అని ఉంది. ఇంకా పుట్టని సర్టిఫికెట్టును ఎవరు నమ్ముతారు? "నువ్వెవరో నేనెరగను" అని అవతలిది కనెక్షను తెంపేసింది. పది సెకన్లాగి మళ్ళీ పలకరింపు, మళ్ళీ సర్టిఫికెట్టు, మళ్ళీ ఛీత్కారం. ఒక్కో ప్రయత్నానికి ఐదు సందేశాలు. ఐదోది ప్రతిసారీ అలర్టే, అంటే పొమ్మనడమే. ఏ రకం సందేశమో నా ఫంక్షను ఒక్కసారి కూడా తప్పకుండా చెప్పింది. నేను దాన్ని కూడా టింగ్‌మనిపించాను.

"అంటే ఈ మోగేదంతా?" అన్నారు రోశయ్య గారు.

"తలుపు మొహం మీద వేసిన చప్పుడండీ. సోమవారం నుంచి మనం వింటున్నది అదే."

పెద్దమనుషులిద్దరూ లేచి మెల్లగా వెళ్ళిపోయారు. పంపడానికి ఎదురుచూస్తున్న సందేశాలు ఎవరివో చూపించమన్నారు రోశయ్య గారు. ఆయన పాస్‌వర్డు కొడితే పేర్లు కనిపించాయి. మొదటి పేరు బసవమ్మ. మంగళవారం పది గంటలకే చోటు సిద్ధం. వాన పడింది గురువారం సాయంత్రం.

ఆయన్ను ఆడిపోసుకోను. ఆ పూటే లారీ పంపించారు. ఇరవై రెండు టిక్కీలు మంచి కాయ లోపలికి చేరింది. మిగిలిన పద్దెనిమిదీ రంగు పోయి తాలుకాయ అయిపోయాయి. పర్చూరులో బ్యాటరీ మార్పించాను. చేతిగడియారంలో వేసేలాంటిదే. గంట తీసేద్దామంటే మాత్రం రోశయ్య గారు ఒప్పుకోలేదు. "ఉండనీయవయ్యా, వినడానికి బాగుంటది" అన్నారు.

ఇంత జరిగినా నా సిద్ధాంతంలో మార్పేమీ లేదు. కాల్‌బ్యాక్ మహాభాగ్యమే! 'మేమే కబురు చేస్తాం' అన్నవాడికి ఎంత నిశ్చింతో చూడండి. అన్న మరుక్షణం భోజనం చెయ్యవచ్చు, నిద్రపోవచ్చు, కోవా తినవచ్చు. అవతలివాడు పిలుస్తున్నాడని తెలుస్తూనే ఉంటుంది, పలకాల్సిన అవసరం ఉండదు. ఎటొచ్చీ ఎదురుచూసేవాళ్ళకే చిన్న ఇబ్బంది. వాళ్ళు కొట్టు ముందు నిలబడాలి, వాళ్ళ కాయ తడవాలి. నేను ఆ కొట్టు ముందు ఎన్నడూ నిలబడలేదు కాబట్టి ఈ వ్యాసం ఇంత ధైర్యంగా రాయగలుగుతున్నాను.

ఉగాదికి పిన్నికి ఒక సెల్‌ఫోను కొనిచ్చాను. మరుసటి రోజు పొద్దున్నే ఒక రింగు వచ్చి ఆగింది. సోమవారం కాదు. పళ్ళు తోముకుంటున్నవాణ్ణి నురగ నోటితోనే తిరిగి చేశాను.

"ఏంటి పిన్నీ? ఏమైంది?"

"ఏం కాలేదురా. పలుకుతావో లేదో చూద్దామని."

పెట్టేసింది. మర్నాడు మళ్ళీ ఒక రింగు. ఆ మర్నాడూ. పాఠకులారా, నా మీద నిఘా మొదలైంది! ఒక రోజు స్నానాల గదిలోంచి, ఒక రోజు చిలకలూరిపేట బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతూ, ఒక రోజు రోశయ్య గారితో మాట్లాడుతూ మధ్యలో లేచి, రోజూ తిరిగి చేస్తూనే ఉన్నాను. ఆవిడ రోజూ ఆ ఒక్క మాటే అని పెట్టేస్తోంది.

పదకొండు నెలలయింది. మొన్న ధైర్యం చేసి, "ఇంకా ఎన్నాళ్ళు చూస్తావు పిన్నీ?" అని అడిగాను.

"ఈ ఏడు కాయ గిడ్డంగికి చేరనీరా" అంది.